బెడ్డు అయినంక చెప్దామని

ఆ రెండో ఫోన్ నంబరు తనదే అయి ఉంటుంది, స్టిక్కర్ కోసేటప్పుడు ఓంప్రకాశ్ చివరి అంకెలు తారుమారు చేసి ఉంటాడు, పెండ్లి పత్రికల మీదే తప్పులు పడుతుంటాయి, బండి తలుపు మీద పడవా అనుకుంటూ తౌసీఫ్ చేతి గ్లౌజు తీసి, ఆ అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు, తనది కాదు, పైన ఎర్రక్షరాల్లో భవాని మొబైల్ మోటార్ వర్క్స్, కింద రాంప్రసాద్, పక్కన హరికృష్ణ, ఏ హరికృష్ణ, ఇంకే హరికృష్ణ ఉంటాడు, రాంప్రసాద్ పెళ్లాం దీప తమ్ముడు, హన్మకొండలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టి ఏడాదికే మూసేసినవాడు, పేరు తప్పు పడ్డదా ఓంప్రకాశన్నా అని అడిగితే, తలుపు మీద బుడగలు లేకుండా గుడ్డతో రుద్దుతున్న ఓంప్రకాశ్ తల తిప్పకుండానే, తప్పెందుకు పడ్తది తమ్మీ, రాంప్రసాదే రాసిచ్చిండు, నెల కిందనే ఇచ్చిండు, బెడ్డు తయారైనంకనే అతికియ్యమన్నడు, నేనే జర తొందరపడ్డనేమో అని తన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

నెల కిందట, అంటే తాను ఈ వెల్డింగ్ షెడ్డులో బెడ్డు కోసం మొదటి అల్యూమినియం షీటు కోసిన వారమే, ఆ రోజు రాంప్రసాద్ ఎదురుగా స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతూ చూస్తూనే ఉన్నాడు, పరకాల బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, వాడు మోటార్లకు వైండింగ్ చేస్తాడు, తాను వెల్డింగ్ చేస్తాడు, మోటారు కాలితే రైతు దాన్ని బావిలోంచి లాగి, ఆటోకెక్కించి, పట్నానికి తెచ్చి, మూడు రోజులు కాచుకునేసరికి పైరు వాడిపోతుంది, మనమే బావి దగ్గరికి పోతే ఎట్లుంటది, మోటారు నువ్వు చెయ్యి, విరిగిన పైపు నేను అతుకుత అని నాలుగేళ్లు మాట్లాడుకున్న మాట, బండి వెనక సామాను మోసే బెడ్డు ఇనుముతో చేస్తే దాని బరువుకే బండి నల్లరేగడి బాటల్లో దిగబడుతుంది, అల్యూమినియం వేద్దాం అన్నది తానే, ఇనుప చాసిస్ మీద అది నేరుగా ఆనితే తినుకుపోతుందని మధ్యన రబ్బరు పట్టీలు కోసింది తానే, బెడ్డుకు కుడిపక్క పెట్టె చేస్తూ తన గ్యాస్ సిలిండరును అందులో పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసుకున్నాడు, సరిగ్గా పట్టింది, రాంప్రసాద్ నవ్వాడు కూడా, ఏమని నవ్వాడు వాడు అప్పుడు, తానేమో ఈ నెలాఖరుకు పని మానేస్తానని షెడ్డు యజమాని రాజేశ్వర్ రావుకు చెప్పేశాడు, ఆయన ఒకటో తారీకు నుంచి వేరే వెల్డరును మాట్లాడుకున్నాడు, ఏదన్న ఒక కాయిదం రాసుకోర్రి అని ఆఫ్రీన్ అన్నందుకు దోస్తుల నడుమ కాయిదమేంది, నీకు మనుషుల మీద నమ్మకం లేదా అని పెళ్లాం మీద అంతెత్తు లేచాడు, అన్నం తినకుండా లేచిపోయాడు.

నాలుగింటికి బెడ్డును బండి మీద ఎక్కించాలి, మిగిలింది బెడ్డుకు అడ్డంగా అతికే అడ్డ చానల్ ఒక్కటే, బావిలోంచి మోటారును పైకి లాగే చైన్‌పుల్లీ స్తంభం నిలబడేది దాని మీదే, అందుకే మనసు నిలకడగా ఉన్నప్పుడు చేద్దామని ఆఖరికి ఉంచుకున్నాడు, ఇప్పుడు ఏ మనసుతో చెయ్యాలి, ముఖానికి అద్దం దించాడు, ఇనుమైతే ఎర్రబడి చెప్తుంది, అల్యూమినియం తెల్లగా ఉండీ ఉండీ ఒక్కసారే కరిగి జారిపోతుంది, దానికి చేతిలో అంచనా ఉండాలి, ఆ అంచనా తన చేతికి ఉంది, దాన్ని ఎలా తప్పించాలో కూడా అదే చేతికి తెలుసు, వేడి లోపలికి దిగకముందే కడ్డీ కరిగించి పైపైన పూసుకుంటూ పోయాడు, తెలిసే చేశాడు, అతుకు చేప పొలుసుల్లా వరసగా మెరుస్తూ వచ్చింది, రాజేశ్వర్ రావు చూసినా శెభాష్ అంటాడు, లోపల మాత్రం అది దేన్నీ పట్టుకోలేదు, పట్టుకోకపోతే ఏమైతది, నాలుగు మోటార్లు ఎత్తుతారో అయిదు ఎత్తుతారో, ఊరందరి ముందు ఆ స్తంభం ఒరిగి పడాలె, అప్పుడు తౌసీఫ్ యాడున్నడని వెతకాలె, అప్పుడు తాను ఫోన్ ఎత్తడు.

రోడ్డు మీద ఎనుమాముల మార్కెట్ యార్డుకు పోయే మిర్చి బస్తాల బండి వెళ్లింది, ఆ ఘాటుకు తుమ్మొచ్చి అద్దం పైకెత్తాడు, కళ్లల్లో నీళ్లు, మిర్చికే అయి ఉంటుంది, మోటారు పైకొచ్చేటప్పుడు గొలుసు లాగేవాడు దూరంగా ఉంటాడు, హరికృష్ణ దూరంగానే ఉంటాడు, మరి గాలిలో అది గిర్రున తిరగకుండా కింద నిలబడి పట్టుకునేదెవరు, రాంప్రసాద్, ఎప్పుడూ రాంప్రసాదే, వైరు తెగుతుందని వేరేవాళ్లను ముట్టుకోనివ్వడు, రెండు చేతులూ చాచి, చంటిపిల్లను అందుకున్నట్టు ఎదకు ఆనించుకుని దించుకుంటాడు, పడనీ అనుకోబోయాడు, ఆ మాట సగంలోనే ఆగిపోయింది, గ్రైండర్ అందుకున్నాడు, మెరుస్తున్న అతుకునంతా కోసేశాడు, అల్యూమినియం పొడి చేతుల నిండా పడింది, బ్రష్‌తో రుద్ది, మళ్లీ మొదలుపెట్టి, ఈసారి వేడి అడుగుదాకా దిగేవరకు ఊపిరి బిగబట్టి నింపుకుంటూ పోయాడు, చల్లారాక సుత్తితో బలంకొద్దీ కొట్టి చూశాడు, కదల్లేదు.

రాంప్రసాద్ మూడున్నరకే వచ్చాడు, బైకు దిగుతూనే తలుపు మీది పేర్లు చూసి ఆగిపోయాడు, అప్పుడే అతికిచ్చిండా అన్నాడు, ఆ తర్వాత మాటలు కూడదీసుకుని, దీప ఊకోలేదు భాయ్, తమ్ముడు ఖాళీగుంటున్నడు, ఇంట్ల రోజు లొల్లి, నీ చేతుల పనున్నది, నువ్వు యాడన్న బతుకుతవ్ అన్నాడు, ఎన్నడూ అరేయ్ అని తప్ప పిలవనివాడు భాయ్ అంటున్నాడు, నీకు చెప్దామనే ఉన్న, బెడ్డు అయినంక చెప్దామని అంటూ నసిగాడు, అయినంకనే ఎందుకురా అని అడిగాడు తౌసీఫ్, రాంప్రసాద్ కళ్లు వాటంతట అవే బెడ్డు మీదికి పోయాయి, ఒక్కో అతుకునూ చూసుకుంటూ అడ్డ చానల్ దగ్గర ఆగాయి, వంగి దాన్ని వేలితో తడిమాడు, గోటితో గీకి చూశాడు, అప్పుడు అర్థమైంది తౌసీఫ్‌కు, సిగ్గుపడి దాచలేదు వీడు, భయపడి దాచాడు, ముందే చెప్తే కోపానికి తన చెయ్యి వంకరపోయి అతుకు చెడుతుందని నెల రోజులు ఎదురుగా కూర్చుని చాయ్ తాగాడు, నేను అసువంటోణ్నారా అని గొంతు చించుకుని అడగాలనుంది, నోరు తెరిచాడు కూడా, మోచేతుల దాకా అంటుకున్న తెల్లటి పొడి కనబడింది, పావుగంట సేపు తాను అసువంటోడే, అది తనకు ఈరోజే తెలిసింది, రాంప్రసాద్‌కు నెల కిందటే తెలుసు.