మంచం దగ్గరి మనిషి

"ఇంట్లో ఆడమనిషుండగా అమ్మకి పైమనిషి ఎందుకే?" అని మోహన్‌కృష్ణ అన్నప్పుడు మాధవి అట్లపిండి రుబ్బుతోంది. మిక్సీ చప్పుడుకి వినబడలేదనుకుని అతను గొంతు పెంచి రెండోసారి అన్నాడు. ఆమెకి మొదటిసారే వినబడింది. విననట్టు ఊరుకుంటే మాట దానంతటదే చల్లారుతుందేమోనని చూసింది, అంతే. చల్లారలేదు. "దండగ ఖర్చు కాదేటి?" అని తోక కూడా తగిలించి ఇంటి ముందున్న షాపులోకి పోయాడు.

ఆడమనిషి అంటే మాధవే. అమ్మ అంటే అతని కన్నతల్లి అప్పలనర్సమ్మ. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయి రెండేళ్ళుగా మంచంలో ఉంది. నాలుక మందమైంది గాని బుర్ర ఎక్కడికీ పోలేదు. కాలూ చెయ్యీ ఆడిన రోజుల్లో "కోడలు మంచమెక్కకూడదు, మంచమెక్కడం అత్త హక్కు" అని నలుగురిలో నవ్వించేది. ఆ హక్కు ఇంత గట్టిగా వాడుకుంటుందని అప్పుడు ఎవరికి తెలుసు! ఆ రెండేళ్ళూ ఆమెని పక్కలు తిప్పిందీ, కింద గుడ్డలు మార్చిందీ, ఒళ్ళు తుడిచిందీ, జావ పట్టిందీ, ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టిందీ మాధవి. దానికి ఆ ఇంట్లో పని అనే పేరే లేదు. షాపులో బస్తా దింపితే కూలి అంటారు. అత్తని మంచం దింపితే కోడలు అంటారు.

ఒకరోజు అలా దింపుతుండగానే ఆమె నడుం కలుక్కుమంది. అత్తగారిని ఎలాగో కుర్చీలోకి చేర్చి, తను గచ్చు మీద పడి లేవలేకపోయింది. షాపులోంచి మొగుడు "టీ ఏదే?" అని మూడు కేకలేశాడు. నాలుగో కేకకి బదులు అతనే వచ్చి చూసి, "పడుకున్నావేటి ఈ టైములో?" అన్నాడు. ఆ ప్రశ్న తలుచుకున్నప్పుడల్లా మాధవికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. విశాఖపట్నంలో డాక్టరు ఫిల్మ్ వెలుతురుకి పెట్టి చూసి, బరువులు ఎత్తొద్దన్నాడు. "గ్యాస్ బండలాంటివాండీ?" అని అడిగాడు మోహన్‌కృష్ణ. ఏదీ ఎత్తకూడదన్నాడు డాక్టరు. "అంటే మా అమ్మ సంగతి?" అన్నాడితను. పాపం, తల్లి కూడా బరువే అని అతనికి అప్పుడే తెలిసింది. తను ఏనాడూ ఎత్తి చూడలేదు మరి.

అలా పాడేరులోని ఒక హోమ్ నర్సింగ్ సర్వీసు నుంచి కనక వచ్చింది. ముంచింగిపుట్టుకి ఆవల కొండమీది పల్లె ఆమెది. ఇరవై ఐదేళ్ళు దాటి ఉండవు, మాట ఆగదు, నవ్వు ఆగదు. వెంట వచ్చిన మేనేజరు దేవీప్రసాద్ మొదటిరోజే తేల్చి చెప్పాడు: "ఈమె పెద్దావిడ మంచం దగ్గరి మనిషండీ. వేరే పనులకి వాడితే మేం మనిషిని వెనక్కి పిలిపించేస్తాం. పేషెంటుకే ప్రమాదం." మోహన్‌కృష్ణ చేతులు జోడించినంత పని చేసి "అయ్యో, అంత మాటా!" అన్నాడు. వారం తిరగకుండా కనక చేతికి చీపురొచ్చింది, తర్వాత అంట్లు, ఆ తర్వాత చేటలో మిరియాలు. "ముసలామె పడుకునే ఉంటాది గదా, కూకుని ఏటి సేత్తాది?" అన్నాడు. మాధవి అడ్డుపడితే, "నీకు సాయమనే గదా" అన్నాడు. అతని ఇంటి పని అతని పని కాదు, అది ఎవరు చేసినా మాధవికి సాయం! ఇంతకంటే తెలివైన లెక్క ఏ షాపులోనైనా ఉందా?

మంచానికి పక్కన అడ్డుచెక్క పెట్టించమని కనక అడిగింది. "మా అమ్మేటి ఉయ్యాల్లో సంటి గుంటా?" అని నవ్వేశాడు. కనక మాధవిని అక్కా అని పిలిచేది. అది కూడా దిద్దాడు, "అక్కేటి, అమ్మగారూ అను." కనక అతని ముందు అమ్మగారూ అనేది, అతను గడప దాటగానే అక్కా అనేది. ఇక అప్పలనర్సమ్మ ఊరుకుందా? ఒళ్ళంతా కడిగే కనక చేతులు మంచినీళ్ళ బిందె మాత్రం ముట్టకూడదని మొదట్లో కట్టడి చేసింది. ఓ ఎండపూట మాధవి మేడ మీద బట్టలారేస్తుంటే నాలుక పిడచకట్టి, "నువ్వే ముంచియ్యే, సచ్చిపోతన్నాను" అంది. ఆ రోజుతో ఆ కట్టడి తీరిపోయింది. అత్తలో మాధవికి నచ్చింది అదే, దాహం వేస్తే ఒప్పుకుంటుంది. కొడుక్కి ఆ గుణం రాలేదు.

అసలు ఆ షాపు పెట్టింది అప్పలనర్సమ్మే. చోడవరం నుంచి ఉప్పుబస్తాలతో లారీ ఎక్కి ఈ కొండ ఊరికి వచ్చి, సంతలో నేలమీద గోనె పరుచుకుని కూర్చున్న మనిషి. బోర్డు మీద మాత్రం పోయిన మొగుడు వీరభద్రరావు పేరుంటుంది. ఆమెకి మిగిలింది ఒక్కటే, బోణీ. సంత రోజు మొదటి బేరం డబ్బు ఆమె చేతిలో పడాలి, ఆమె కళ్ళకద్దుకుని ఇవ్వాలి, అప్పుడే గల్లాపెట్టెలోకి వెళ్ళాలి. మంచం పట్టాక కొడుకు తెచ్చి ఇస్తానన్నాడు. కొన్ని సంతలు తెచ్చాడు, తర్వాత మర్చిపోయాడు. "సాదస్తం" అన్నాడు. కనక వచ్చాక ఆమే పొద్దున్నే షాపులోకి పరుగున వెళ్ళి, ఆ డబ్బు తెచ్చి ముసలామె కుడి అరచేతిలో పెట్టేది. మంచం మీదే ఆమె ముఖం షాపు యజమాని ముఖమయ్యేది.

ఒక సంత రోజు కనక బోణీ కోసం వెళ్ళకముందే మోహన్‌కృష్ణ లోపలికొచ్చాడు. కొండల మీంచి చింతపండూ పసుపూ దిగాయి. తెచ్చినవాళ్ళతో ఆదివాసీ ఒరియాలో మాట్లాడి ధర తగ్గించే మనిషి కావాలి. ఇన్నేళ్ళుగా ఆ భాష నేర్చుకోని ఘనుడికి ఇంట్లోనే ఆ భాష దొరికింది.

"కనకా, బేగి రా. కాంటా కాడ నిలబడు."

"బాబూ, నాను ఎలగొస్తాను? అమ్మని ఒగ్గేసి?" అంది కనక.

"అమ్మగారు ఉన్నారు గదా."

అమ్మగారు అంటే మళ్ళీ మాధవే. ఆమె వంటింట్లో హమాలీలకి, షాపు కుర్రాళ్ళకి అన్నం వారుస్తోంది. "నేను ఇక్కడుంటే అత్తయ్య దగ్గర ఎవరుంటారండీ?" అంది. "ఓ నిద్రమాత్ర ఏసెయ్. సంత తీరేదాకా పడుంటాది" అన్నాడు. అమ్మకి కొడుకు రాసిన మందు అది! మాధవి వెయ్యలేదు. కనక వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ అతని వెంట వెళ్ళింది. గంజి వార్చి గదిలోకి వెళ్దామనుకున్నంతలో ధబ్బుమంది.

అప్పలనర్సమ్మ మంచానికీ షాపు గుమ్మానికీ మధ్య పడి ఉంది. ఎడమకాలు పడకూడని తీరున పడి ఉంది. గోడ పట్టుకుని అంతదూరం ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. కుడిచెయ్యి మాత్రం చాపి, అరచెయ్యి తెరిచి ఉంచింది. మాధవి పక్కన కూలబడి తల ఒళ్ళోకి తీసుకుంటే, ఆ నొప్పిలోనే, మందమైన నాలుకతోనే అడిగింది.

"బోణీ అవనేదేటే?"

తొడ ఎముక విరిగింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. వార్డులో పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ మోహన్‌కృష్ణ ఒకటే కథ చెప్పాడు: "ఆ పిల్ల నిద్రపోయిందండి. కొండోళ్ళని నమ్ముకుంటే ఇంతే." రెండోసారి చెప్పేసరికి కథకి రంగొచ్చింది. నాలుగోసారికి కనక ఫోను చూసుకుంటూ కూర్చుంది కూడా. మాధవి అక్కడే నిలబడి వింది. నోరు తెరవబోతే అతను ఆస్పత్రి వరండాలోకి తీసుకెళ్ళి, "కనక కాదంటావా? అయితే ఇంట్లో ఉన్నది నువ్వు. నీ తప్పని సెప్పనా?" అన్నాడు. అప్పుడర్థమైంది ఆమెకి. తప్పు ఆడదాని మీద పడాలి, ఏ ఆడదైనా అతనికి ఫర్వాలేదు. అన్నం వార్చడం తప్పు, కాంటా దగ్గర నిలబడడం తప్పు, బోణీ కోసం లేవడం తప్పు. ఒకే సమయంలో ముగ్గురాడవాళ్ళని మూడుచోట్ల నిలబెట్టిన మగాడిది మాత్రం తప్పు కాదు. అతను వ్యాపారం చూసుకుంటున్నాడు!

పెద్దావిడని ఇంటికి తెచ్చిన మర్నాడు దేవీప్రసాద్ వస్తున్నానని ఫోన్ చేశాడు. మోహన్‌కృష్ణ చొక్కా గుండీలు పెట్టుకుంటూ పెళ్ళానికి పాఠం చెప్పాడు.

"నువ్వు వంటింట్లో ఉన్నావు. నీకేటీ తెలీదు. అంతే."

"కనకని మీరు తీసుకెళ్ళడం నేను చూశాను కదండీ."

"సూసింది సూసినట్టు సెప్తే ఆళ్ళు ఇంక మనిషిని పంపరు. అప్పుడు అమ్మని ఎవరెత్తాలో నువ్వే ఆలోసించుకో."

మాధవి ఆలోచించుకుంది. వంగి చీపురు తీయబోతేనే నడుంలో సూదులు దిగుతాయి, అలాంటిది ఇప్పుడు రాడ్డు వేసిన కాలితో ఉన్న మనిషిని ఎత్తాలి. కొత్త మనిషి రావాలంటే కనక నిద్రపోయి ఉండాలి. తన నడుం నిలబడాలంటే కనక పేరు పడిపోవాలి. ఎంత చక్కగా ముడేశాడు! ఇద్దరాడవాళ్ళని ఒకే తాడుకి రెండు కొసలా కట్టి, లాక్కోండని వదిలేశాడు. ఆ ముడి చూస్తుంటే ఆమెకి భయం కంటే ముందు కోపం వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భయం కంటే ముందు కోపం రావడం అదే మొదలు.

దేవీప్రసాద్ కనకని కూడా తీసుకొచ్చాడు. ఆమె అరుగు మీదే నిలబడిపోయింది. నవ్వు లేదు, మాటా లేదు. మాధవి బయటికి వెళ్ళి చెయ్యిపట్టి లోపలికి తెచ్చి కుర్చీ వేసింది. మోహన్‌కృష్ణ ముఖం చిట్లించాడు. ముందుగదిలో నలుగురూ కూర్చున్నారు. పక్కగదిలో అప్పలనర్సమ్మ పడుకుని ఉంది, మధ్యలో తెర ఒక్కటే.

"కనక నిద్రపోయిందని సారు అంటున్నారు. షాపుకి తీసుకెళ్ళారని కనక అంటోంది" అన్నాడు దేవీప్రసాద్. "నిద్రపోయిన మాట నిజమైతే ఈమెని ఇంకే ఇంటికీ పంపలేను. మేడం, మీరు ఇంట్లోనే ఉన్నారు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నా."

కనక తలెత్తి, "సంతలో అందరూ ముసలమ్మని పడేసిన గుంట ఇదే అంతన్నారక్కా" అంది. అతని ముందు అక్కా అనడం అదే మొదటిసారి.

"ఆవిడకేటి తెలుసండి, వంటింట్లో..." అని మోహన్‌కృష్ణ అందుకున్నాడు.

"నాకు తెలుసు" అంది మాధవి. "కనక నిద్రపోలేదు. అత్తయ్యని వదిలి రానంది. ఈయనే బేరం చేయించడానికి షాపుకి తీసుకెళ్ళారు. నిద్రమాత్ర వెయ్యమన్నారు, నేను వెయ్యలేదు. మంచానికి చెక్క పెట్టించమని కనక అడిగితే నవ్వారు. అత్తయ్య బోణీ కోసం లేచారు. ఇది సంతలో కూడా చెప్తాను, అడిగిన ప్రతివాళ్ళకీ చెప్తాను."

కనక చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవీప్రసాద్ మోహన్‌కృష్ణ వైపు తిరిగి, "అయితే మా రూలు మీకు ముందే చెప్పాను సార్" అన్నాడు.

మోహన్‌కృష్ణ అతనివైపు చూడనే లేదు. పెళ్ళాం వైపు తిరిగాడు. "అయిందా నీ సత్తెం? తృప్తేనా? రేపట్నుంచి ఎవరూ రారు. ఎత్తు ఇంక. ఎత్తుతావా?"

"ఎత్తను" అంది మాధవి.

ఆ మాట ఆమెకే కొత్తగా ఉంది. చెయ్యలేను అని ఎన్నోసార్లు అంది ఈ ఇంట్లో. చెయ్యలేను అంటే నడుం నెప్పి, ఒంట్లో బాగోలేదు, తప్పు నాదే అని అర్థం. చెయ్యను అని ఎప్పుడూ అనలేదు. అన్నాక ఇల్లేమీ కూలలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది.

అప్పుడే తెర వెనక మంచం కిర్రుమంది. అప్పలనర్సమ్మకి ఒక్కపక్కనే పడుకుని ఒళ్ళు కాలిపోతున్నట్టుంది. "మాధవీ... ఓలే మాధవీ..." అని పిలిచింది. మాధవి కాళ్ళు వాటంతటవే లేచాయి, రెండేళ్ళ అలవాటు. సగం లేచినది మళ్ళీ కూర్చుంది. కనక కూడా లేవబోతే ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"అత్తయ్యని పక్క తిప్పాలి, వెళ్ళండి" అంది మొగుడితో. "ఆపరేషన్ కాలు కిందకి రాకూడదు. తెలీకపోతే కనకని అడగండి, చెప్తుంది. చెయ్యాల్సింది మాత్రం మీరు."

అతను నమ్మలేనట్టు చూశాడు. "పిలిచింది నిన్ను. నీ పేరు పెట్టి పిలుత్తంది, ఇనబడ్డంలేదేటి?"

"పేరు నాదే" అంది మాధవి. "అమ్మ మీ అమ్మ."