తొట్టెలో ఏడు, లెక్కలో మూడు

అన్నయ్య పోయిన మూడు వారాలకి చేపలు పోవడం మొదలైంది. అన్నయ్య "చేపల్ని చూసుకోరా" అని చెప్పి పోయాడు. చేపలు మాత్రం చెప్పకుండా పోతున్నాయి.

తమ్ముడు తాళాలాయన పొద్దున్నే లేచి, పళ్లయినా తోముకోకుండా సముద్రపు చేపల తొట్టె ముందు నిలబడేవాడు. వీధి చివర కొట్లో తాళాలు బాగుచేస్తాడు గనక అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. మామూలు జనం మీనమేషాలు లెక్కపెడతారు. ఆయన దగ్గర మేషాలు లేవు గనక ఒట్టి మీనాలే. ఏడు, ఆరు, ఐదు, నాలుగు. ఈవేళ మూడు. అన్నయ్య ముద్దుగా కంపౌండరని పిలిచే చారల చేప లేదు. మిగిలింది మేనేజరు అనే పసుపు చేప, ఇద్దరు నీలం గుమాస్తాలు.

ఏడుపు రాలేదు. ఆసుపత్రిలోనూ రాలేదు. ఇంట్లో ఉన్న ఉప్పునీళ్లన్నీ తొట్టెలోనే ఉన్నాయి, ఆయన కళ్లకి సరఫరా ఆగిపోయింది. చేతులు మాత్రం వాటి పాటికి అవి ఉప్పు కొలుస్తున్నాయి, మేత చిటికెడు వేస్తున్నాయి. అన్నయ్య అప్పగించిన పని ఇదొక్కటే. ఇదీ చేతకాకపోతే తను దేనికి పనికొస్తాడో ఆయనకి తెలీదు.

"శవం తేలిందా?" అడిగాడు చేపల కొట్టతను.

"లేదు."

"అయితే హంతకుడు లోపలే ఉన్నాడు గురువుగారూ. రాళ్ల సందున పీత దాక్కునుంటుంది."

ఆ మాట తాళాలాయనకి నచ్చింది. ముప్ఫై ఏళ్లుగా ఆయన లోపలికి దూరేవాళ్ల గురించే ఆలోచిస్తున్నాడు. ప్లాస్టిక్ సీసా మూతి కోసి, తిరగేసి దూర్చి, లోపల రొయ్య ముక్క పెట్టి తొట్టెలో దించాడు. మర్నాటికి ఒక నత్త పడింది.

వదిన వంగి చూసింది. "దీన్ని పోలీస్ స్టేషన్‌కి నడిపించుకెళ్తావా? అది చేరేలోపు ఎస్సై రిటైరవుతాడు."

ఆయన నవ్వలేదు. ఆదివారం రెండు బకెట్లు తెచ్చి తొట్టె పక్కన పెట్టాడు. రాళ్లన్నీ పైకి తీసి, పీతని పట్టాలి. కదిపితే అడుగున మురికి లేచి మిగిలిన మూడూ చావొచ్చని కొట్టతను ముందే చెప్పాడు. అయినా సరే, చొక్కా చేతులు మడిచి, మోచేతి దాకా చెయ్యి నీళ్లలో పెట్టాడు.

"ఆగు!" వదిన వంటింట్లోంచి పరుగున వచ్చింది. "పీతా లేదు, గీతా లేదు. చెయ్యి తియ్యి."

"నీకెలా తెలుసు వదినా?"

"చేపలు నా దగ్గరున్నాయి."

బాల్కనీలో ఒక పూలకుండీ చూపించింది. కొత్తగా కలిపిన మట్టి. నాలుగూ అందులోనే ఉన్నాయిట. రోజూ ఆయన కంటే ముందు లేచి హాలు ఊడుస్తుంది. తొట్టె వెనక నేల మీద ఎండిపోయి కనపడితే, కాగితంలో చుట్టి తెచ్చి పాతిపెట్టింది.

"నేల మీదా? బయటికెలా..." అంటూనే ఆయన ఆగిపోయాడు. కుండీ వెనక గోడకి ఆనించి ఉంది వల మూత. తొట్టె మీద ఉండాల్సింది. దుమ్ము పడకుండా అన్నయ్య పెట్టుకున్నాడనుకుని, ఉప్పు పేరుకుందని తనే తీసి, కడిగి, ఆరబెట్టి మర్చిపోయాడు. ఎవరూ లోపలికి రాలేదు. చేపలే బయటికి దూకాయి.

"మొదటిదప్పుడే చెప్పుంటే మిగతా మూడూ బతికేవి కదా వదినా."

"ఆసుపత్రి వాళ్లు చెప్పినప్పుడు నీ మొహం చూశాను. ఇంకో చావు నీకు చూపించబుద్ధి కాలేదు."

"నా మొహానికేమైంది?"

"ఏమీ అవలేదయ్యా. అదే నా భయం."

ఆయన వల పట్టుకొచ్చి తొట్టె మీద పరిచాడు. ఒక మూల వేలెడు సందు వచ్చింది. ఆమె ఆ మూల నొక్కి పట్టుకుంటే ఆయన తీగె బిగించాడు.

మర్నాడు ఇద్దరూ ఒకేసారి గదుల్లోంచి బయటికొచ్చారు.

"నువ్వు కింద చూడు, నేను లోపల చూస్తా," అన్నాడు.

ఆమె చీపురు పక్కన పెట్టి, మోకాళ్ల మీద వంగి తొట్టె వెనక చూసింది. ఆయన దీపం వేశాడు. ఆ వెలుగుకి బెదిరి మేనేజరు చివ్వున పైకి లేచింది. వల మీద ఠప్పుమంది. ఆమె ఉలిక్కిపడి ఆయన చెయ్యి పట్టుకుంది.

"పడిందా?"

"పడింది వదినా. నీళ్లలోనే."