తువ్వాలు కొస

శ్యామలమ్మ బీరప్ప నడుము చుట్టూ తువ్వాలు తిప్పి వీపు వైపు ముడి వేసింది. ముడిని ఒకసారి గుంజి చూసింది. మిగిలిన పొడుగాటి కొసను ఎడమ చేతికి తీసుకోబోయి, భుజం సలపడంతో కుడి చేతికి మార్చుకుంది. పొద్దున ఒక అవ్వను పక్కకు తిప్పినప్పుడు పట్టేసి ఉంటుందనుకుని మధ్యాహ్నమే బామ్ రాసుకుంది. నొప్పి తగ్గలేదు.

ఎర్రంచు తువ్వాలు అది. మగ్గం దించేసిన ఏడాది ఆమె భర్త సిద్దయ్య చివరగా నేసింది. ఆయన పోయాక ఆమె ఈ దవాఖానలో ఆయాగా చేరింది. మంచం దిగే ప్రతి ముసలి నడుముకూ ఆ తువ్వాలే కట్టేది. పడబోతే ఆపడానికే తప్ప లాగడానికి కాదు. కొసను ఎంత వదులుగా పట్టుకునేదంటే, ముందు నడిచేవాళ్లకు వెనుక ఒక చెయ్యి ఉన్నట్టే తెలిసేది కాదు.

ఆ ముసలివాళ్ల వార్డులో మిగతా ఆయాలు ఎవరినీ నడిపించరు. పోయిన ఎండాకాలం ఒక అవ్వ బాత్రూం గడప దగ్గర పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ పూట డ్యూటీలో ఉన్న జానమ్మను కాంట్రాక్టరు మర్నాడే తీసేశాడు. అప్పటి నుంచి అందరికీ డైపర్లు, మంచాలకు రెండు వైపులా ఇనుప అడ్డాలు. కదలని మనిషి పడడు. పడకపోతే ఎవరి కొలువూ పోదు. ఈ మాట ఎవరూ పైకి అనలేదు గాని పని అట్లాగే సాగుతోంది. సిస్టర్ భాగ్యశ్రీ చెడ్డదేం కాదు. ఆ మధ్యాహ్నం కూడా శ్యామలమ్మను పక్కకు పిలిచి, బీరప్ప పడితే తాను కాపాడలేనని చెప్పింది.

బీరప్ప నిమోనియాతో వచ్చాడు. జ్వరం దిగింది గాని కాళ్లలో సత్తువ పోయింది. సాయంత్రం రౌండుకు తానొచ్చేసరికి వరండా చివరి దాకా నడవగలిగితే రేపు ఇంటికి పంపుతానని డాక్టరు అన్నాడు. లేకపోతే ఇంకొన్నాళ్లు ఆ అడ్డాల మధ్యే. మందను తోలుకుని కృష్ణ ఒడ్డు దాకా తిరిగిన మనిషి ఆయన. డైపర్ కట్టిన రోజు గోడ వైపు తిరిగి పడుకుని అన్నం ముట్టలేదు. శ్యామలమ్మే దాన్ని విప్పి పారేసింది.

"గొర్లను తోలినోనివి కాకా. గిట్ల జబ్బు గొర్రె లెక్క పండుకుంటవా?" అంది.

అప్పుడు లేచాడు.

ఇప్పుడు వరండాలో మొదటి అడుగు వేస్తూ అడిగాడు. "పట్టుకున్నవా బిడ్డా?"

"పట్టుకున్న. నువ్వు ముందర సూస్కుంట పో."

"ఎన్కకు సూసుడు నాకు అలవాటే లేదు. మంద దానంతల అదే వస్తది," అని నవ్వాడు.

నడుస్తూ కథ ఎత్తుకున్నాడు. ఒకసారి ఒక గొర్రె నడి రోడ్డు మీద ఈనిందట. లారీ డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దిగి, పిల్లను తన తువ్వాలతో తుడిచాడట. శ్యామలమ్మ ఊ కొట్టింది. గోడ వారన బెంచీ దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఊపిరి అందలేదు. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుందనుకుంది. ఆగమని పిలిస్తే ఆయన అడుగు తడబడుతుంది. ఆయన మడమల వైపు చూసింది. నేలను గట్టిగానే తాకుతున్నాయి. కొస ఆమె వేళ్ల మధ్య నుంచి జారింది. ఆమె చప్పుడు చేయకుండా బెంచీ మీద కూర్చుంది.

బీరప్ప కథ చెప్పుకుంటూనే పోయాడు.

వరండా చివర మందుల గది దగ్గర భాగ్యశ్రీ తలెత్తి చూసింది. వెనుక తువ్వాలు కొస నేల మీద రాసుకుంటూ, బీరప్ప ఒక్కడే వస్తున్నాడు. ఆమె పరుగున పోయి ఆయన మోచేయి పట్టుకుంది.

"ఒక్కనివే వస్తున్నవేంది? ఎవరిడిసిపెట్టిండ్రు నిన్ను?"

"ఒక్కన్నేంది?" ఆయనకు కోపం వచ్చింది. "ఎన్క శ్యామలమ్మ ఉన్నది గద."

అని వెనక్కి తిరిగి చూశాడు.

ఆమె గోడకు తల ఆనించి కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒడిలో తెరిచి ఉంది. డ్యూటీలో కునుకు తీస్తోందనుకుని భాగ్యశ్రీ, బీరప్ప చేతులను మందుల గది కిటికీ ఊచలకు పట్టించి, కసురుతూనే అటు నడిచింది. దగ్గరికి పోయి మెడ మీద వేళ్లు పెట్టింది. కసురు సగంలో ఆగిపోయింది.

రౌండుకు వచ్చిన డాక్టరు వరండాలోనే మోకాళ్ల మీద కూర్చుని ఆమె ఛాతీ నొక్కుతూ పోయాడు. చాలాసేపటికి చేతులు తీశాడు. వార్డులో ముసలివాళ్లు ఇనుప అడ్డాలు పట్టుకుని లేవబోతున్నారు. వాళ్లను పడుకోమని ఎవరూ చెప్పలేదు. ట్రాలీ వచ్చి ఆమెను తీసుకుపోయింది.

బీరప్ప ఇంకా ఆ ఊచలు పట్టుకునే నిలబడి ఉన్నాడు. అది డాక్టరు నడవమన్న వరండా చివర అన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కాసేపటికి భాగ్యశ్రీ ఆయనను చూసి, మెల్లగా నడిపించుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. అలవాటుగా ఇనుప అడ్డం ఎత్తింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది. మళ్లీ దించేసింది. తర్వాత ఆయన నడుము దగ్గరి ముడి మీద చెయ్యి వేసింది.

"ఇప్పకు బిడ్డా," అన్నాడు బీరప్ప. "ఆమె ఏసింది."

భాగ్యశ్రీ చెయ్యి తీసేసింది. తువ్వాలు కొస మంచం పక్కన వేలాడుతోంది. రోజూ శ్యామలమ్మ పట్టుకునే చోట ఎర్రంచు వెలిసి తెల్లబడింది. అక్కడ చెమట తడి ఇంకా ఆరలేదు.