బోర్లించిన డబ్బా

బరువు తగ్గించే ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రిలో ఇవ్వరని, రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పగానే శేషారత్నానికి ఒళ్లు మండింది. నడిచే ఓపికే ఉంటే ఇక్కడిదాకా ఎందుకొస్తుంది? నేరుగా శామీర్‌పేటలో తమ కాలనీ ముందున్న మందుల షాపుకెళ్లింది. షాపు రమేష్ చీటీ అడక్కుండానే ఫ్రిజ్‌లోంచి అట్టపెట్టె లేని ఇంజెక్షన్ పెన్ను తీసి, పొడుచుకోవడం చూపించాడు.

"ఇగ ఆకలన్నదే ఉండదు మేడం," అన్నాడు.

శేషారత్నం పట్టుదల మనిషి. ఆ సాయంత్రమే ఇంట్లోని పంచదార, బెల్లం, తేనె, బిస్కెట్లు మూటగట్టి పనిమనిషికి ఇచ్చేసింది. మంచిరోజని శనివారం దాకా ఆగింది. ఎలాగూ ఆ రోజు ఉపవాసం.

శనివారం భర్త తుర్కపల్లి డ్యూటీకి కంపెనీ క్యాబ్ ఎక్కాక, దేవుడికి దండం పెట్టుకుని పొట్టలో పొడుచుకుంది. కాసేపటికి చెమటలు పట్టాయి. కొవ్వు కరుగుతోందని మురిసిపోయింది. తర్వాత చేతులు వణికాయి. ఆపైన ఆకలేసింది. మామూలు ఆకలి కాదు, గోడలు నాకాలనిపించే ఆకలి. ఉపవాసం చెడకూడదని మంచినీళ్లు తాగింది.

ఆకలి చంపే మందుకి ఈ ఆకలేమిటని రమేష్‌ని ఫోన్లో కడిగేయబోయింది. నాలుక తిరక్క మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

"చెమటలు వడుతున్నయా మేడం?" అనడిగాడు.

అవునంది. అవతల ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడైంది.

"పెన్నులు తారుమారైనయి మేడం. మీకిచ్చింది షుగరోళ్ల ఇన్సులిన్. జల్దీ చక్కెర నోట్లేసుకోండ్రి. ఉన్నది గదా ఇంట్ల?"

శేషారత్నం తలుపు పట్టుకుని వంటింట్లోకి చూసింది. గట్టు మీద పంచదార డబ్బా కడిగి బోర్లించి ఉంది.