పూర్తి నిమిషం

వెలిచ్కా మణికట్టు పట్టుకుని దోన్కా గడియారం వైపు చూస్తోంది. నాడి లెక్క ఎప్పుడో అయిపోయింది, అయినా చెయ్యి వదల్లేదు. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి ఊపిరి తీరే మారిపోతుంది. అందుకే నాడి చూస్తున్నట్టు నటిస్తూ, ఓరకంట ఛాతీని గమనించాలి. ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం, బాల్కన్ కొండల కింది ఈ చిన్న ఆసుపత్రిలోనే, దోన్కాకు ఆ కిటుకు నేర్పిన పెద్ద నర్సు వెలిచ్కాయే. ఇప్పుడు రోగి ఆవిడే. దుప్పటి బుద్ధిగా, నెమ్మదిగా లేచి పడుతోంది. నిమిషానికి పదహారు.

మిగతా నర్సులు చూసినా చూడకపోయినా అందరికీ పదహారే రాస్తారు. దోన్కా మాత్రం ప్రతి మంచం దగ్గరా నిమిషం నిండేదాకా నిలబడుతుంది. అందుకు ఆమెను ఎవరూ మెచ్చుకోలేదు, రోజూ తన సూపు చల్లారిపోవడం తప్ప ఒరిగిందీ లేదు.

"పదహారేగా? డాక్టరుకు చెప్పు, ఇంటికి పంపమను," అంది వెలిచ్కా. "బాల్కనీలో ఇరవై కిలోల మిరపకాయలున్నాయి. కాల్చి, తొక్క తీసి సీసాలకెత్తకపోతే చలికాలమంతా ఏం తినను, నీ మొహమా?"

పక్కింటావిడ నమూనాకు తెచ్చిచ్చిన మిరపకాయ, కారం లేని కూర రకం, ఎర్రగా అరచెయ్యంత ఉన్నది, మంచం పక్క బల్ల మీద ఉంది. లెక్క ఇరవై లోపుంటే రేపు పంపేస్తానని డాక్టరు మాటిచ్చాడు.

దోన్కా ఏమీ రాయలేదు. కిటుకు నేర్పిన మనిషి దగ్గర కిటుకు పారదు. భోజనాలయ్యాక, ఆవిడ కునుకు తీస్తుండగా చప్పుడు చెయ్యకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది. దుప్పటి ఎగిరెగిరి పడుతోంది. ముప్పై రెండు. మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై రెండే. పదహారని రాసేస్తే అడిగేవాళ్ళు లేరు, వెలిచ్కా అక్క ముచ్చటా తీరుతుంది. దోన్కాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మంచం దగ్గరికి వచ్చి కాగితం మీద ముప్పై రెండు వేసింది.

"ఎంతే?" కళ్ళు తెరవకుండానే అడిగింది వెలిచ్కా.

"ముప్పై రెండక్కా."

"నిమిషం పూర్తిగా చూశావా?"

"రెండుసార్లు చూశాను."

ఆవిడ కళ్ళు తెరిచింది. "దొంగదానా, బాగానే నేర్చుకున్నావు," అంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ నోట మెప్పు వినడం దోన్కాకు అదే మొదలు. "మిరపకాయలు నువ్వే పట్టుకుపో. సన్న సెగ మీద కాల్చు."

డాక్టరు వచ్చి ఆక్సిజన్ పెట్టించాడు, మందు మార్చాడు. లాభం లేకపోయింది. డ్యూటీ దిగాక కూడా దోన్కా ఇంటికి వెళ్ళలేదు. ఎండ కిటికీ దాటే వేళకు ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. దోన్కా ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఈసారి గడియారం వైపు చూడలేదు. ఇంకో ఊపిరి కోసం ఎదురుచూసింది. అది రాలేదు.

తరవాత దుప్పటి తనే మడతపెట్టింది. బల్ల మీద మిరపకాయ అలాగే ఉంది, తొడిమ ఇంకా పచ్చగానే ఉంది.