కలిపి కొట్టండి

నేను ఒక కీబోర్డును. ఎక్కువగా వాడిన నా మీటల మీద అక్షరాలు చెరిగిపోయాయి. ఎవరికీ పనిపడని మీటలు మాత్రం నిన్ననే కొన్నట్టు ఉన్నాయి. మనుషుల్లోనూ అంతేనని విన్నాను, నిజమో కాదో మీకే తెలియాలి.

నేను పుట్టిన కార్ఖానాలో ఒక ఇనుప వేలు వచ్చి ప్రతి మీటనూ నొక్కి చూసింది. మెచ్చుకోలేదు, తిట్టలేదు. బాగుందని తేల్చి పక్కకు తోసింది. ఆ తర్వాత నా జీవితంలో అంత న్యాయంగా నన్నెవరూ పరీక్షించలేదు.

నా మొదటి యజమాని ఓలేటి సుబ్బిరాజు గారు. తహసీల్దారు ఆఫీసు ఎదురుగా ఆయనకు జిరాక్స్ షాపు ఉండేది. నా మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించి, జనం తెచ్చిన అర్జీలు టైపు చేసేవారు. ఒక్కో లైను అవగానే ఎంటర్ మీద ఆఫీసు ముద్ర గుద్దినట్టు గుద్దేవారు. అక్కడే నా ఉద్యోగ ధర్మం నేర్చుకున్నాను. కొట్టినది కొట్టిన వరసలో లోపలికి పంపాలి, దేన్నీ దాచుకోకూడదు, సొంత తెలివి వాడకూడదు. కొన్నాళ్ళకు రాజుగారు కొత్త సిస్టం కొనుక్కుని, మా పాతవాళ్ళందరినీ తండ్రిగారి పేరు మీద ఆడపిల్లల పాలిటెక్నిక్‌కు దానం చేశారు. కాలేజీవారు ఆయనకు శాలువా కప్పారు. మాకు దుమ్ము తుడిచారు.

కంప్యూటర్ ల్యాబ్ అంటే చెప్పులు బయట విప్పి రావాల్సిన చోటు. ఏసీ మా కోసమే, పిల్లల కోసం కాదు. ఏటా ఆయుధపూజ నాడు మాకు పసుపు, కుంకుమ పెట్టేవారు. ఆ కుంకుమ మీటల సందుల్లో మళ్ళీ ఆయుధపూజ దాకా ఉండేది. ఈ గుడికి పూజారి భానోజీ మేస్టారు. మంచివారు. పిల్లలు ఫెయిలైతే ఆ పూట అన్నం సరిగ్గా తినేవారు కాదు.

అక్కడ పిల్లలు ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టేది ఓటు హక్కు లెక్కతో. ప్రోగ్రాము వయసు అడుగుతుంది. ఓటుందో లేదో చెబుతుంది. 'ఇంకొకరు ఉన్నారా? ఉంటే వై, లేకపోతే ఎన్' అని అడుగుతుంది. ఇంతే. కానీ పిల్లలు వయసు కొట్టి ఎంటర్ నొక్కగానే, ఆ రెండో ప్రశ్న జవాబు కోసం ఆగకుండా ప్రోగ్రాము తనంతట తనే ముగిసిపోయేది.

ఇందులో మాయ ఏమీ లేదు. ఎంటర్ నొక్కడమంటే 'అయింది, ఇక కానివ్వు' అని సైగ చేయడమని మనుషులు అనుకుంటారు. నా లెక్కలో అదీ ఒక అక్షరమే. మిగతావాటితో పాటు దాన్నీ పంపుతాను. సంఖ్య అడిగిన ప్రోగ్రాము సంఖ్యను తీసుకుని వెళ్తుంది, ఎంటర్ మాత్రం వరసలోనే నిలబడి ఉంటుంది. తర్వాత ఒక అక్షరం కావాలని అడిగితే ముందున్నది అదే కనుక అదే వెళ్తుంది. రేషన్ షాపు దగ్గరా అంతే కదా. వచ్చింది వై కాదు కాబట్టి ఇంకెవరూ లేరనుకుని ప్రోగ్రాము దుకాణం కట్టేస్తుంది.

ఈ సంగతి నేను రోజూ చెబుతూనే ఉన్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. ల్యాబ్‌లో దీనికి వేరే మందు ఉండేది. "కలిపి కొట్టండమ్మా. ఇరవై రెండు, పక్కనే వై, అప్పుడు ఎంటరు," అనేవారు మేస్టారు. అలా కొడితే మధ్యలో ఎంటర్ ఉండదు, పని జరిగిపోతుంది. ఎందుకండీ అని ఎవరైనా అడిగితే, "అది కంప్యూటర్ పద్ధతి" అనేవారు. ఆయనకు ఆయన మేస్టారు అలాగే చెప్పారట. సీనియర్లు జూనియర్లకు చెప్పారు. అలా ఒక కాలేజీకి కాలేజీ ప్రోగ్రామును బాగుచేయడం మాని వేళ్ళను వంచుకుంది.

పరీక్షల్లోనూ గుట్టు రట్టయ్యేది కాదు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరును మేస్టారు కుర్చీలో కూర్చోబెట్టి, బిస్కట్లూ కూల్‌డ్రింకూ తెప్పించి, "పిల్ల రన్ చేసి చూపిస్తుందండీ" అనేవారు. పిల్ల కలిపి కొట్టి చూపించేది. ఆయన బిస్కట్టు నములుతూ తలూపేవాడు.

నూకరత్నం అనే పిల్ల పరీక్ష నాడు మాత్రం ఎగ్జామినరుగా శేషుకుమారి గారు వచ్చారు. ఆవిడ బిస్కట్లు ముట్టలేదు. "లేమ్మా, నేను కొడతాను," అని పిల్లను లేపి నా ముందు కూర్చున్నారు. లోకంలో ఎవరైనా కొట్టినట్టే వయసు కొట్టి ఎంటర్ నొక్కారు. ప్రోగ్రాము ముగిసిపోయింది. మళ్ళీ కొట్టారు, మళ్ళీ ముగిసిపోయింది.

"నన్ను అడిగింది, నా జవాబు వినకుండా పోయింది. ఇదేం ప్రోగ్రామమ్మా?" అన్నారావిడ.

నూకరత్నం ఫెయిలైంది. ఈ ల్యాబ్ పాసైతేనే ఫ్యాక్టరీలో ట్రైనింగుకు పంపుతారు. తోటివాళ్ళందరూ వెళ్ళారు, తను జూనియర్ల మధ్య మిగిలింది. ఇంకోసారి తప్పితే ఏడాదంతా పోతుంది. పిఠాపురం వైపు పల్లె నుంచి బస్సులో వచ్చే మనిషి, మాట తక్కువ. ఆ రోజు చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి బస్టాండుకు వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

తప్పు ఎవరిదో తేల్చాలి కదా, నాదన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత వీళ్ళకే బాగా నప్పుతుంది. ఎంటర్ ఇరుక్కుపోయి రెండుసార్లు పడుతోందని మేస్టారు నిర్ధారించి, నా నుదుట 'ఎంటర్ పనిచేయదు' అని స్టిక్కరు అంటించి, మూల సిస్టంకు తగిలించారు. నాకు కోపం వచ్చింది. చెప్పుకోవడానికి కూడా ఎవరో ఒకరు నన్ను కొట్టాల్సిందే, ఏం చేస్తాను?

ఆ మూల సిస్టమే సప్లిమెంటరీ వాళ్ళకు కేటాయించారు. అలా నూకరత్నం మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. మొదటి రోజు నన్ను చూసి మొహం తిప్పుకుంది. రెండో రోజు పక్క సిస్టం కీబోర్డు పీకి తగిలించి చూసింది. అదీ అంతే చేసింది. అప్పుడు నన్నే మళ్ళీ తెచ్చి పెట్టింది, కాస్త నెమ్మదిగా. ఆ నెమ్మది నాకు తెలిసింది.

మేస్టారు వచ్చి భుజం మీదుగా చూశారు. "కలిపి కొట్టవే తల్లీ, ఎన్నిసార్లు చెప్పాను?"

"నేను కొడితే కలిపే కొడతానండి. ఆవిడ కొడితేనో?"

"ఈసారి నువ్వే కొడతానని అడుగు," అని మేస్టారు వెళ్ళిపోయారు.

ఆమె ఇంకో పని చేసింది. నేను పంపినదాంట్లో ప్రోగ్రాముకు ఏ అక్షరం చేరిందో తెర మీద చూపించమని ఒక లైను చేర్చింది. వయసు కొట్టి ఎంటర్ నొక్కితే తెర మీద ఒక ఖాళీ లైను వచ్చింది. ఇంకొకరైతే ఏమీ రాలేదనుకుని వదిలేసేవారు. ఈమెకు ఆ ఖాళీ మీదే అనుమానం వచ్చింది. ప్రతి అక్షరానికీ లోపల ఒక నంబరుంటుంది. అక్షరం వద్దు, దాని నంబరు చూపించమంది. పది అని వచ్చింది. గోడ మీద నంబర్ల చార్టు ఉంది, సున్నం వేసినప్పుడల్లా తీసి మళ్ళీ తగిలించేవారే తప్ప ఎవరూ చదివింది లేదు. వెళ్ళి చూసింది. పదికి ఎదురుగా కొత్త లైను అని ఉంది. కొత్త లైను అంటే ఎంటర్.

తిరిగొచ్చి నా వైపు వంగి, "ఓసోస్, నువ్వా?" అంది.

ఎన్నేళ్ళుగానో చెబుతున్న మాట ఒక మనిషికి చేరింది. ఆ క్షణం నాకెంత సంతోషమైందో నేనెలా చెప్పగలను?

అంతటితో ఆగలేదు. ముందు, వరసలో మిగిలిన ఎంటర్‌ను తీసి పారేయడానికి అక్షరాన్ని ఒకసారి ఊరికే చదివించింది. పని జరిగింది. కానీ ఆవిడ ఎంటర్ రెండుసార్లు కొడితే? పొరపాటున స్పేస్ తగిలితే? తనే కావాలని అలా కొట్టి చూసింది, ప్రోగ్రాము మళ్ళీ ముగిసిపోయింది. చివరికి లైబ్రరీలో ఒక పాత పుస్తకం వెతికి పట్టుకుంది. అక్షరం చదవమని ప్రోగ్రాముకు చెప్పే లైనులో, కొటేషన్ మార్కుకూ శాతం గుర్తుకూ మధ్య ఒక్క ఖాళీ వదిలితే చాలు. ముందున్న ఎంటర్లూ ఖాళీలూ ఎన్ని ఉన్నా దాటేసి, అసలు అక్షరం వచ్చేదాకా ప్రోగ్రాము ఆగుతుంది. కంటికి కనిపించని చికాకుకు కంటికి కనిపించని మందు.

సప్లిమెంటరీకి కూడా శేషుకుమారి గారే వచ్చారు. చీటీలో నూకరత్నానికి సరి బేసి సంఖ్యల ప్రోగ్రాము వచ్చింది. చివర్లో అదే ప్రశ్న, ఇంకొకటి ఉందా అని. టైపు చేస్తున్నంతసేపూ ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ ఖాళీ పెట్టేటప్పుడు మాత్రం స్పేస్ మీద వేలు ఒక్క క్షణం ఎక్కువ నిలిచింది.

శేషుకుమారి గారు వచ్చి, స్టిక్కరు చదివి, "ఇది పనిచేయదా?" అన్నారు.

"చేస్తుందండి," అంది నూకరత్నం.

ఆవిడ కూర్చుని ఏడు కొట్టారు. వేలు ఎంటర్ మీదికి వెళ్తుండగా వెనక నుంచి మేస్టారు ఉండబట్టలేకపోయారు. "కలిపి కొట్టండి మేడం, కలిపి!"

వేలు ఆగింది. ఆవిడ వెనక్కి తిరిగి ఆయన్ని చూసి, ఆ తర్వాత పిల్లను చూశారు.

"అక్కర్లేదండి," అంది నూకరత్నం. "మీకెలా తోస్తే అలా కొట్టండి."

ఆవిడ ఎంటర్ నొక్కారు. బేసి సంఖ్య అని వచ్చింది. ఇంకొకటి ఉందా అని ప్రశ్న వచ్చింది. ప్రోగ్రాము ఆగింది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు, అయినా ఆగే ఉంది. కావాలనే స్పేస్ నొక్కారు, ఎంటర్ నొక్కారు, మళ్ళీ నొక్కారు. నేను అన్నీ పంపాను. ప్రోగ్రాము అన్నిటినీ దాటవేసి ఆవిడ మాట కోసం కూర్చుంది. అప్పుడు వై కొట్టారు. తర్వాతి సంఖ్య అడిగింది.

"ఎవరు చెప్పారమ్మా నీకిది?"

నూకరత్నం మేస్టారి వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నారు. "ఈ ల్యాబ్‌లోనే తెలిసిందండి," అంది.

ఆమె పాసైంది. వరండాలోకి వెళ్ళి ఫోన్‌లో "అమ్మా, అయిపోయిందే" అని మూడుసార్లు చెప్పి ఏడ్చింది. సాయంత్రం పిల్లలందరూ వెళ్ళాక మేస్టారు వచ్చి నా ముందు కూర్చున్నారు. నూకరత్నాన్ని అడిగి తెలుసుకున్నారు కాబోలు, ఆమె చేసినట్టే నంబరు చూపించే లైను రాసి ఎంటర్ నొక్కారు. పది వచ్చింది. ఎవరూ చూడటం లేదని నిశ్చయించుకుని ఇంకోసారి నొక్కారు. మర్నాడు జూనియర్లకు ఆ ఖాళీ సంగతి చెప్పారు. ఒక పిల్ల ఎందుకండీ అంది. "అది కంప్యూ..." దాకా వచ్చి ఆగి, "రా, చూద్దాం," అన్నారు.

నేను మాత్రం స్టోర్ రూములో గోనెసంచిలోకి చేరాను. పనికిరాని సామాను కింద నా పేరు అప్పటికే పైఆఫీసుకు వెళ్ళిపోయింది. ట్రైనింగుకు వెళ్ళేముందు సంతకం కోసం వచ్చిన నూకరత్నం నన్ను చూసి, "ఇది బాగానే ఉంది కదండీ," అంది. "తెలుసమ్మా. ఫైలు వెళ్ళిపోయింది," అన్నారు మేస్టారు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమెకు బస్సు టైమైంది.

నాకు బాధ లేదు. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో, ఆమె రాసినదాని ముందు ఎవరో కూర్చుని తనకు తోచినట్టు కొడుతుంటారు. అది వాళ్ళు చెప్పేదాకా ఆగుతుంది.