దక్షిణానికి తిరిగిన ఇల్లు

పొద్దున లేవగానే వినీల ఫోను చూస్తుంది, వాళ్ళమ్మ ప్రమీలమ్మ తలుపు తీసి బయటికి చూస్తుంది. మెయిల్ ఏమైనా వచ్చిందా అని వినీల ఆరాటం. ఇల్లు ఇవాళ ఎటు తిరిగి ఉందా అని ప్రమీలమ్మ ఆరాటం. చూసుకోకుండా నీళ్ళ చెంబుతో గడప దిగితే ఎవరి పెరట్లో తేలుతుందో చెప్పలేం.

పులికాట్ ఒడ్డున ఇసకకుప్పంలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. లోతుగా పునాది తీయకుండా ఇసుక మీదే కట్టారు. ఇంట్లో ఎవరికైనా ఎక్కడికైనా పోవాలని మనసు గట్టిగా లాగితే గుమ్మం అటు తిరుగుతుంది. వినీల నాన్న పెంచలకృష్ణ పెళ్ళికి ముందు విశాఖపట్నం పోయి పెద్ద బోట్లలో పని చేయాలనుకున్నప్పుడు కొన్నాళ్ళు ఈశాన్యం చూసిందట. తర్వాత ఆయన మనసు ఊళ్ళోనే కుదురుకుంది, ఇల్లు మళ్ళీ తూర్పుకొచ్చింది. కరెంటు వాళ్ళు తీగని నాలుగు చుట్లు వదులుగా వదిలారు. కుళాయికి పొడుగు పైపు కొన్నారు. వాస్తు చూసే పెద్దమనిషి ఒకసారి వచ్చి, దిక్సూచి బయటికి తీసి, మళ్ళీ సంచిలో వేసుకుని, మజ్జిగ తాగి పోయినాడు.

పెంచలకృష్ణ విషజ్వరంతో పోయేనాటికి వినీల తొమ్మిదో తరగతి. ప్రమీలమ్మ ఒడ్డున పీతలు కొని సూళ్ళూరుపేట మార్కెట్లో అమ్మి కూతుర్ని చదివించింది. ఇప్పుడు వినీల ఇంటి దగ్గర ఉంటూనే నెల్లూరులో పిహెచ్‌డి చేస్తోంది. సరస్సు మీద ఏ రోజు ఏ చోట ఎవరు వల వేయాలో ఊరి మగవాళ్ళు కూర్చుని ఏటా చీటీలేసి పంచుకుంటారు. దాన్ని పాడు అంటారు. వినీల పరిశోధన దాని మీదే. ఇక్కడి పని చాలావరకు అయింది. ఇంకో దేశంలో కొంతకాలం ఉండి పోల్చి చూస్తేగానీ థీసిస్ నిలబడదు. అందుకే ఫెలోషిప్పులు.

మొదట పోర్చుగల్‌కి పెట్టింది. ఇల్లు వాయవ్యం తిరిగి, గుమ్మం సరిగ్గా పక్కింటి విజయకుమారి స్నానాల దడి ముందుకొచ్చి నిలబడింది.

"ఏమ్మే వినీలా, ఇంకో దేశం దొరకలేదా నీకు?" అని విజయకుమారి రోజూ అరిచేది. కుదరదని పోర్చుగల్ నుంచి మెయిల్ వచ్చినప్పుడు అందరికంటే ముందు సంతోషించింది ఆమే. ఆ సాయంత్రమే సామాన్లన్నీ గలగలమంటుండగా ఇల్లు తూర్పుకి తిరిగిపోయింది. తర్వాత జపాను. అదీ కుదరలేదు. ఆ తర్వాత నార్వే. ఇల్లు మళ్ళీ వాయవ్యం తిరిగింది. దానికి ఇంటర్వ్యూ కూడా అయింది. అక్కణ్ణించి వినీలకి అన్నం సహించలేదు. కూర్చుంటే లేచేది, లేస్తే ఇంటి చుట్టూ తిరిగేది. రాసి పంపేసిన అప్లికేషన్ మళ్ళీ తెరిచి చదివి, ఒక తప్పు కనిపిస్తే ఆ పూటంతా దాన్నే తలుచుకుని కుమిలేది.

ఆ అప్లికేషన్ దిద్దింది ఆమె గైడు చంద్రమౌళి గారు. మంచి మనిషి. ప్రతి వాక్యం చూసిపెట్టాడు. మొదటి పేజీ మొత్తం కొట్టేయించాడు. "ఇంటి సంగతులు వాళ్ళకెందుకమ్మా? వాతావరణ మార్పు అని రాయి, సముద్రమట్టం అని రాయి. డబ్బిచ్చేవాళ్ళు అవే చూస్తారు," అన్నాడు. ఆమె అట్లాగే రాసింది.

ఇంకా నార్వే జవాబు రాకముందే ఒకరోజు ప్రమీలమ్మ తలుపు తీసి, గడప దిగకుండా అట్లాగే నిలబడిపోయింది. గుమ్మం దక్షిణం చూస్తోంది.

"వినీలా, ఇట్రా మే. యముడి దిక్కు."

"నేను ఆ పక్కకి ఏం పెట్టలేదమా. నువ్వేమన్నా అనుకున్నావా?"

"నాకు పేట దాటి పోవాలనే ఉండదు. ఈ వారం నువ్వు బస్సెక్కొద్దు. నీళ్ళ దగ్గరికి కూడా పోవద్దు."

వీధి వీధంతా వచ్చి చూసి పోయింది. విజయకుమారి గడపకి పసుపు రాసి వేపమండలు కట్టింది. ప్రమీలమ్మ మార్కెట్టు మానేసి కూతుర్ని కనిపెట్టుకుని కూర్చుంది. వినీల పెరట్లోకి పోయినా వెనకాలే వచ్చేది. రెండు రోజులకి వినీలకి ఊపిరాడనట్టయింది. గొడవపడి, సంచి తగిలించుకుని రోడ్డు మీదికి వచ్చింది. బస్టాపులో ఉండగానే ఫోను మోగింది. నార్వే వాళ్ళు. చాలా మర్యాదగా, చాలా విచారంగా, లేదు అన్నారు.

బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఇంటికి వచ్చి గడప మీద కూలబడింది. తల్లి ఆమె మొహం చూసి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది. ఇద్దరూ సామాన్లు మోగడం కోసం ఎదురుచూశారు. పొద్దు వాలింది. ఇల్లు కదల్లేదు. దక్షిణం వైపే చూస్తోంది.

"అయితే ఇది నార్వే కోసం కాదమా," అంది వినీల చివరికి.

"ఆ నార్వేలో ఆడోళ్ళు చీటీ వేస్తారా?" అని అడిగింది ప్రమీలమ్మ.

"అక్కడ పాడు లేదు."

"మరెందుకు పోదామనుకున్నావు?"

వినీల చెప్పడానికి నోరు తెరిచింది. సముద్రమట్టం గుర్తొచ్చింది, వాతావరణం గుర్తొచ్చింది. తల్లి ముందు ఆ మాటలు నోట్లోంచి రాలేదు. కొట్టేసిన మొదటి పేజీ గుర్తొచ్చింది.

"నాన్న పోయిన ఏడాది నువ్వు చీటీల దగ్గరికి పోయినావు, గుర్తుండాదా? నేను నీ కొంగు పట్టుకోనుండాను. మగదిక్కు లేని ఇంటికి వంతు లేదన్నారు. నాన్న వంతు తీసేసినారు. నువ్వు ఒక్క మాట అనకుండా తిరిగొచ్చి బియ్యం కడిగినావు. ఎందుకు అడగలేదా అని నాకు అప్పట్నుంచీ... నేనసలు చదివిందే దానికోసం."

ప్రమీలమ్మ ఖాళీ గ్లాసు అందుకుంది. "ఆ మాట రాసినావా వాళ్ళకి?" అంది.

"లేదు."

ఆ పూట వినీల ఫోనులో మ్యాపు తీసి, తమ గుమ్మం నుంచి వేలితో నిటారుగా కిందికి గీసుకుంటూ పోయింది. చెన్నై దాటింది, నీళ్ళు దాటింది, జాఫ్నా దాటింది. శ్రీలంక పడమటి ఒడ్డున నెగొంబో దగ్గర వేలు ఆగింది. అక్కడా ఒక ఉప్పునీటి సరస్సు ఉంది. అక్కడి జాలర్లు కూడా చీటీలేసి వంతులు పంచుకుంటారని ఎప్పుడో చదివింది. ఇంత దగ్గరగా ఉన్నదాన్ని విదేశం అనుకోలేదు, అంతే.

దానికీ ఒక గ్రాంటు ఉందని తెలిసింది. చిన్నది. విమానం ఖర్చు, ఒక గది అద్దె, తిండికి సరిపడా డబ్బు. చంద్రమౌళి గారు పెదవి విరిచాడు. "సిలోనా? అందరూ యూరప్ అంటుంటే!" అన్నాడు గానీ, సిఫారసు మాత్రం ఆ రోజే రాసిచ్చాడు. ఈసారి వినీల మొదటి పేజీలో తల్లి పేరు రాసింది.

ఫోను ఇంటర్వ్యూలో ఒక పెద్దావిడ అడిగింది, మీరు వెతుకుతున్న ఆడవాళ్ళ వంతు మా దగ్గర లేకపోతే ఏం చేస్తారని. లేదనే రాస్తానండీ, ఎవరు ఎప్పుడు అడిగారో, ఏం జవాబు చెప్పారో రాస్తాను అంది వినీల. ఫోను పెట్టాక మళ్ళీ ఇంటి చుట్టూ తిరుగుడు, మళ్ళీ మెయిలు చూసుకోవడం. ఇల్లు మాత్రం ఆ రోజులన్నీ అటూ ఇటూ కదలకుండా నిలబడింది. వీధిలో వాళ్ళు దక్షిణానికి అలవాటుపడిపోయి, వేపమండలు ఎండితే తీసేశారు.

గ్రాంటు వచ్చింది. వినీల విమానం ఎక్కిన రోజే ఇల్లు తూర్పుకి తిరిగింది.

నెగొంబోలో వినీల పొద్దున ఒడ్డుకి పోయేది, వచ్చీరాని సింహళంలో మాట్లాడేది, అర్థం కానిది రాసుకునేది. ఆదివారాలు తల్లికి వీడియో కాల్ చేసేది. ఆడవాళ్ళు తనకి చెప్పినవన్నీ చెప్పేది. ఒకామె భర్త పోయాక ఆ ఊరి సంఘం ముందు నిలబడి ఎంత గొడవ చేసిందో, ఇంకొకామె చేయకుండా ఎందుకు ఊరుకుందో చెప్పేది. ప్రమీలమ్మ ఊకొట్టేది. అప్పుడప్పుడు, "ఏమని అడిగిందంట?" అని ఆ మాటే మళ్ళీ చెప్పించుకునేది.

ఒక ఆదివారం ప్రమీలమ్మ ఫోనుని ఉప్పుజాడీకి ఆనించి పీతలు కడుగుతోంది. ఆమె వెనక తెరిచిన తలుపులోంచి సరస్సు కనిపిస్తోంది. మాట్లాడుతుండగా తల్లి మొహం మీద ఎండ పక్కకి జరిగింది. గ్లాసులు గలగలమన్నాయి. తలుపులో నీళ్ళు కనబడకుండా పోయాయి, విజయకుమారి దడి వచ్చింది, పడవలు వచ్చాయి. ఆఖరికి వలలు ఆరేసుకునే కొట్టం వచ్చి అక్కడ నిలిచింది. కొట్టంలో చాపలేసుకుని ఊరి మగవాళ్ళు చీటీలకి కూర్చుని ఉన్నారు.

"అమా, ఎనక్కి చూడు."

"చూడాల్సిన పన్లేదు. నాకు తెలుసులే."

"ఎప్పుడనుకున్నావు?"

"నువ్వు పోయినకాడ్నించి అనుకుంటుండాను. గట్టిగా అనుకునింది ఈ పొద్దే." ప్రమీలమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని లేచింది. ఫోను చేతిలోకి తీసుకుంది గానీ ఆపలేదు. ఆపడం మర్చిపోయిందో, కావాలనే ఉంచిందో.

ఇసుక కనిపించింది, ఇసుకలో తల్లి పాదాలు కనిపించాయి. గొంతులు దగ్గరైనాయి, తర్వాత ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఇల్లు ఇట్టా తిరిగిందేందా అనుకుంటుండాము," అన్నాడు చీటీలు వేయించే పెద్దకాపు కామాక్షయ్య. "ఎవరు వస్తుండారో అని."

"నేనే మామా. చీటీకి వచ్చినాను."

ఎవరో నవ్వారు. ఇంకెవరో "ఆడోళ్ళకి ఇస్తే ఇంక..." అని మొదలుపెట్టారు. కామాక్షయ్య గొంతు వాళ్ళని ఆపింది. "ఉండండ్రా. ఆ ఇల్లు ఊరికే తిరగతాదా? ఇన్నేళ్ళు ఎవరు యాడికి పోవాలన్నా అదే కదా చెప్పింది." ఆయన గొంతు ప్రమీలమ్మ వైపు తిరిగింది. "పెంచలకృష్ణ పేరు మీద రాయమంటావా అమ్మా?"

"ఆయన లేడు కదా మామా. నా పేరే రాయండి."

నెగొంబోలో వినీల ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది. తెర మీద ఇసుక తప్ప ఏమీ లేదు. కాసేపటికి చీటీ కోసం కాగితం చింపిన చప్పుడు వినిపించింది.